ముల్లర్ అంటే పిండిమర ఆడించేవాడు.. జర్మనీలో నంబర్ వన్ ఇంటిపేరు వెనక కథ ఇదీ!

జర్మనీలో ఏ ఊరి నడిబజార్లో నిలబడి "ముల్లర్ గారూ" అని పిలిచినా ఎవరో ఒకరు వెనక్కి తిరిగి చూస్తారు. అక్కడ అంత మామూలు ఇంటిపేరు ఇది. ఒక అంచనా ప్రకారం జర్మనీలో దాదాపు 7 లక్షల మంది ఈ పేరుతో ఉన్నారు. పక్కనే ఉన్న స్విట్జర్లాండ్‌లోనూ ఇదే నంబర్ వన్. మనకు కూడా ఈ పేరు కొత్తేమీ కాదు. వేదాలను అచ్చు వేయించిన మాక్స్ ముల్లర్ పేరు స్కూలు పుస్తకాల్లో చదువుకున్నాం. ఫుట్‌బాల్ చూసేవాళ్లకు గెర్డ్ ముల్లర్, థామస్ ముల్లర్ తెలుసు. డీడీటీ దోమల మందు తెలుసు గానీ, దాని వెనక కూడా ఓ ముల్లర్ ఉన్నాడన్న సంగతి చాలామందికి తెలియదు.

అసలు ఈ పేరు ఎక్కడి నుంచి వచ్చింది? ఇంతమందికి ఒకే ఇంటిపేరు ఎలా వచ్చింది? వీళ్లంతా చుట్టాలేనా? ఈ పేరుతో చరిత్రకెక్కినవాళ్లు ఎవరు? మన విజయనగరానికి, గోదావరి తీరానికి ఈ పేరుతో ఉన్న లింకేంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

మాట పుట్టింది లాటిన్‌లో

ముల్లర్ అంటే పిండిమర నడిపేవాడు. అంతే. ఇంగ్లిష్‌లో మిల్లర్ అన్నా అదే అర్థం. ఈ మాటకు మూలం లాటిన్‌లో ఉంది. లాటిన్‌లో మరను 'మోలీనా' అనేవారు. మర నడిపేవాడు 'మోలినారియుస్'. నీటి ప్రవాహంతో తిరిగే పెద్ద మరలు రోమన్ల ద్వారా జర్మన్ ప్రాంతాలకు చేరాయి. యంత్రంతో పాటు దాని పేరూ వచ్చింది. పాత జర్మన్‌లో అది 'ములినారి' అయింది, మధ్యయుగంలో 'ముల్నర్', చివరికి 'ముల్లర్'గా స్థిరపడింది.

ఈ కథ ఒక్క జర్మన్‌లోనే ఆగలేదు. యూరప్‌లో ప్రతి భాషకూ తన మరవాడు ఉన్నాడు. ఉత్తర జర్మనీలో మొల్లర్, డెన్మార్క్‌లో కూడా దాదాపు అలాగే. నెదర్లాండ్స్‌లో మ్యూల్డర్, మోలెనార్. ఫ్రాన్స్‌లో మ్యూనియే. ఇటలీలో మోలినారి. హంగరీలో మోల్నార్. రష్యాలో మెల్నికోవ్, ఉక్రెయిన్‌లో మెల్నిక్. పలుకుబడి వేరైనా అన్నింటికీ ఒకటే అర్థం. పాత రోజుల్లో చదువుకున్న కొందరు జర్మన్లు తమ పేరు మరీ నాటుగా ఉందనుకుని లాటిన్‌లోకి మార్చుకున్నారు. మోలిటర్, మిలియుస్ అనే ఇంటిపేర్లు అలా వచ్చినవే.

ఊరికో మర.. అందుకే ఇంతమంది

మన దగ్గర ఇంటిపేరు ముందు వస్తుంది, జర్మన్లకు చివర వస్తుంది. మన ఇంటిపేర్లలో చాలావరకు ఊళ్ల పేర్ల నుంచి వచ్చినవి. అక్కడ మాత్రం టాప్‌లో ఉన్నవన్నీ వృత్తి పేర్లే. ముల్లర్ తర్వాత ష్మిట్ అంటే కమ్మరి, ష్నైడర్ అంటే దర్జీ, ఫిషర్ అంటే చేపలు పట్టేవాడు, వేబర్ అంటే నేతగాడు.

ఇక్కడో చిన్న మెలిక ఉంది. ష్మిట్ అనే పేరును జర్మన్లు నాలుగైదు రకాలుగా రాస్తారు. ష్మిట్, ష్మిడ్, ష్మిట్జ్.. ఇలా అన్నీ కలిపితే కమ్మరులే ఎక్కువవుతారు. ఒకే స్పెల్లింగ్ లెక్కన చూస్తే మాత్రం ముల్లర్‌దే మొదటి స్థానం.

12వ శతాబ్దం వరకు అక్కడ మామూలు జనానికి ఒక్క పేరే ఉండేది. పట్టణాలు పెరిగాక ఒకే వీధిలో నలుగురు యోహాన్‌లు, ఐదుగురు హైన్రిష్‌లు తయారయ్యారు. పన్ను కట్టింది ఎవరో, పొలం ఎవరిదో రాసుకోవాలంటే గుర్తు కావాల్సి వచ్చింది. అలా వృత్తి, ఊరు, ఒంటి రంగు, తండ్రి పేరు.. ఏదో ఒకటి అసలు పేరుకు తోకగా చేరింది. ముందు దక్షిణ, పశ్చిమ జర్మనీ పట్టణాల్లో మొదలై, తర్వాతి రెండు మూడు వందల ఏళ్లలో మిగతా చోట్లకు పాకింది. మొదట్లో తండ్రి మర మానేస్తే కొడుకు పేరు మారిపోయేది. తర్వాత తర్వాత కొడుకు బడిపంతులైనా, సిపాయైనా ఇంటిపేరు మాత్రం ముల్లర్‌గానే మిగిలిపోయింది.

మరి రైతులే ఎక్కువగా ఉన్న రోజుల్లో రైతు అనే పేరు కాకుండా మరవాడి పేరు ఎందుకు నంబర్ వన్ అయింది? లాజిక్ సింపుల్. ఊళ్లో వంద మంది రైతులుంటే 'రైతు యోహాన్' అంటే ఎవరో తెలియదు. మర మాత్రం ఊరికి ఒకటో, రెండో. 'మర యోహాన్' అంటే ఠక్కున తెలిసిపోతుంది. ప్రతి ఊళ్లోనూ ఇదే జరిగింది. అందుకే ఇద్దరు ముల్లర్లు కలిస్తే చుట్టాలై ఉండాల్సిన పనిలేదు. ఒక్కో ఊళ్లో విడివిడిగా పుట్టిన పేరు ఇది. ఒకే మూలపురుషుడు అంటూ ఎవరూ లేరు.

మరవాడంటే అనుమానం

ఇవాళ ఇంత మర్యాదగా వినిపించే ఈ పేరుకు ఒకప్పుడు అంత గౌరవం లేదు. మరవాడి దగ్గరకు గింజలు తీసుకెళ్తే ఆడించినందుకు డబ్బు బదులు పిండిలో కొంత వాటా తీసుకునేవాడు. ఎంత తీశాడో, తూకంలో ఎంత కొట్టేశాడో అని జనానికి ఎప్పుడూ డౌటే. పైగా చాలా చోట్ల ఆ ఊరి దొర మరలోనే పిండి ఆడించుకోవాలన్న రూల్ ఉండేది. వేరే ఊరి మరకు వెళ్తే జరిమానా. అంటే దొర మీద కోపం కూడా మరవాడి మీదే పడేది. మరలు ఎక్కువగా ఏటి ఒడ్డున, ఊరి చివర ఉండటం వల్ల రకరకాల కథలు కూడా పుట్టాయి.

ఈ చిన్నచూపు మాటల దగ్గర ఆగలేదు. చాలా పట్టణాల్లో వృత్తి సంఘాలు మరవాళ్ల పిల్లలను చేర్చుకునేవి కావు. సంఘంలో చేరకపోతే వడ్రంగమో, కమ్మరమో నేర్చుకునే దారి మూసుకుపోయినట్టే. చివరికి సామ్రాజ్య ప్రభుత్వమే కల్పించుకోవాల్సి వచ్చింది. 1548లో, మళ్లీ 1577లో వచ్చిన చట్టాల్లో నేతగాళ్లు, మంగళ్లు, గొర్రెల కాపరులు, మరవాళ్లు, సుంకం వసూలు చేసేవాళ్ల పిల్లలను పుట్టుకను బట్టి సంఘాల నుంచి దూరం పెట్టకూడదని స్పష్టంగా రాశారు. ఒకే విషయాన్ని రెండుసార్లు చట్టంలో చెప్పాల్సి వచ్చిందంటే మొదటిసారి ఎవరూ సరిగ్గా వినలేదనే అర్థం. ఈరోజు జర్మనీలో అందరికంటే ఎక్కువమంది మోస్తున్న పేరు, ఒకప్పుడు సంఘం గడప తొక్కనివ్వని వృత్తిది.

రెండు చుక్కల తిప్పలు

జర్మన్‌లో ఈ పేరు రాసేటప్పుడు 'యు' అక్షరం మీద రెండు చుక్కలు పెడతారు. ఆ శబ్దం తెలుగులో లేదు. పెదాలు 'ఉ' అన్నట్టు గుండ్రంగా పెట్టి 'ఇ' అని పలికితే దాదాపు వస్తుంది. మనం ముల్లర్ అనేస్తాం. పాస్‌పోర్టులో మెషీన్ చదివే గడిలో చుక్కలు పట్టవు కాబట్టి 'యు' పక్కన 'ఇ' చేర్చి రాస్తారు. ఒకే మనిషి పేరు ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా కనిపించేది అందుకే. జర్మనీలో చదువుకో, ఉద్యోగానికో వెళ్లి అక్కడి ప్రొఫెసర్ పేరు మెయిల్‌లో టైప్ చేయాల్సి వస్తే చుక్కలు ఊరికే ఎగరగొట్టకుండా ఆ 'ఇ' చేర్చడం మర్యాద.

అమెరికా వెళ్లిన జర్మన్ కుటుంబాల్లో చుక్కలు పోయి కొందరు ములర్, ఇంకొందరు ఏకంగా మిల్లర్ అయిపోయారు. మొదటి ప్రపంచ యుద్ధం సమయంలో అక్కడ జర్మన్ల మీద వ్యతిరేకత పెరిగినప్పుడు జర్మన్ పేర్లను ఇంగ్లిష్‌లోకి మార్చుకున్న కుటుంబాలు చాలానే ఉన్నాయి. 2001 నుంచి 2013 వరకు ఎఫ్‌బీఐ డైరెక్టర్‌గా, తర్వాత ట్రంప్ ఎన్నికల ప్రచారంపై రష్యా దర్యాప్తులో స్పెషల్ కౌన్సెల్‌గా పనిచేసిన రాబర్ట్ ములర్ పేరూ ఇదే. అమెరికన్లు దాన్ని 'మల్లర్' అని పలుకుతారు.

మోక్షమూలర భట్టు.. మన విజయనగరం రాజుగారు

మనకు బాగా తెలిసిన ముల్లర్ మాత్రం ఫ్రెడరిక్ మాక్స్ ముల్లర్. 1823 డిసెంబర్ 6న జర్మనీలోని డెస్సావ్‌లో పుట్టారు. తండ్రి విల్హెల్మ్ ముల్లర్ పేరున్న కవి. ఆయన పద్యాలకు సంగీతకారుడు షూబర్ట్ బాణీలు కట్టాడు. అందులో ఒక పాటల వరుస పూర్తిగా మరవాడి కూతురి చుట్టూ తిరిగే ప్రేమకథ. ఇంటిపేరు ముల్లర్ అయిన కవి మరవాడి కూతురి మీదే రాశాడన్నమాట. కొడుకుకు నాలుగేళ్లు కూడా నిండకముందే విల్హెల్మ్ చనిపోయారు.

సంస్కృతం నేర్చుకున్న మాక్స్ ముల్లర్ ఇంగ్లండ్ చేరి ఆక్స్‌ఫర్డ్‌లో స్థిరపడ్డారు. ఈస్టిండియా కంపెనీ ఖర్చు పెట్టుకోవడంతో సాయణ భాష్యంతో సహా రుగ్వేదాన్ని 1849 నుంచి 1874 మధ్య 6 సంపుటాలుగా అచ్చు వేయించారు. ఆ భాష్యం రాసిన సాయణాచార్యులు విజయనగర సామ్రాజ్యంలో బుక్కరాయల కొలువులో మంత్రిగా ఉన్నవారు. ఆ తర్వాత ప్రాచ్య దేశాల పవిత్ర గ్రంథాలను 50 సంపుటాలుగా తెచ్చే భారీ పనికి మాక్స్ ముల్లర్ సంపాదకులయ్యారు. చిత్రం ఏంటంటే, ఇంత చేసిన మనిషి ఒక్కసారి కూడా ఇండియాలో అడుగు పెట్టలేదు.

ఇక మన లింక్. మొదటి ముద్రణ కాపీలు అయిపోయాక రెండో ముద్రణకు డబ్బు కావాల్సి వచ్చింది. ఆ ఖర్చు భరించింది మన విజయనగరం మహారాజా పూసపాటి ఆనంద గజపతి రాజు. 1890 నుంచి 1892 మధ్య 4 సంపుటాలుగా వచ్చిన ఆ ముద్రణ టైటిల్ పేజీలోనే రాజుగారి పోషణ గురించి ఉంటుంది. గురజాడ అప్పారావును ఆదరించిన రాజుగారు ఈయనే. అదే 1892లో విజయనగరంలో 'కన్యాశుల్కం' మొదటిసారి వేదికెక్కింది. వేదానికీ, వ్యవహారిక భాషా నాటకానికీ ఒకే సంస్థానం అండగా నిలిచిందన్నమాట.

పేరు విషయంలోనూ ఆయన కథ ఆసక్తికరమే. ముల్లర్ మరీ మామూలు పేరు కావడంతో, ఇంగ్లండ్‌లో ఉన్నప్పుడు 'మాక్స్'ను కూడా ఇంటిపేరులో కలిపేసుకున్నారు. అంటే ఆయన ఇంటిపేరు ముల్లర్ కాదు, 'మాక్స్ ముల్లర్'. రుగ్వేదం సంస్కృత టైటిల్ పేజీ మీద ఆ పేరు ఇంకో రూపం ఎత్తింది. 'మోక్షమూలర భట్టు' అని వేసుకున్నారు. ఆక్స్‌ఫర్డ్‌ను 'గోతీర్థం' చేశారు. పిండిమర కాస్తా మోక్షానికి మూలమైంది!

అందరూ ఆయన్ను పొగిడారని కాదు. ఆర్యుల గురించి ఆయన రాసినవాటి మీద, భారతీయ మతాల పట్ల ఆయన ఉద్దేశాల మీద ఇప్పటికీ గట్టి వాదనలున్నాయి. అయితే 'ఆర్య' అనేది భాషకు సంబంధించిన మాట, రక్తానికో పుర్రె ఆకారానికో సంబంధించింది కాదని 1888లో ఆయనే హెచ్చరించారు. 1896లో వివేకానంద ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన్ను కలిశారు. రెండేళ్లకు మాక్స్ ముల్లర్ రామకృష్ణ పరమహంస మీద పుస్తకం తెచ్చారు. 1900 అక్టోబర్ 28న కన్నుమూశారు. ఇండియాలో జర్మన్ సాంస్కృతిక కేంద్రాలకు ఇప్పటికీ మాక్స్ ముల్లర్ భవన్ అనే పేరుంది.

గోదావరి ఒడ్డుకు ఇంకో ముల్లర్ బంధుత్వం

1805లో ప్రష్యాలో పుట్టి ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో స్థిరపడిన జార్జ్ ముల్లర్ అనాథ పిల్లల కోసం పెద్ద ఆశ్రమాలు కట్టారు. ఆయన బతికున్న కాలంలో అక్కడ 10 వేల మందికి పైగా పిల్లలు పెరిగారు. ఆయన భార్య మేరీకి సొంత అన్న ఆంథొనీ నారిస్ గ్రోవ్స్. ఈ గ్రోవ్స్ వెంటే 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు ఇండియాకు వచ్చారు. నరసాపురం కేంద్రంగా గోదావరి ప్రాంతంలో మొదలైన మిషన్ పని వాళ్లదే.

సైన్స్‌లో ముల్లర్లు.. ఓ పెద్ద క్లాసే

ముందుగా చెప్పాల్సింది అసలు ముల్లర్ అని ఎవరూ పిలవని ముల్లర్ గురించి. 1436లో పుట్టిన యోహానెస్ ముల్లర్ గొప్ప గణిత, ఖగోళ శాస్త్రవేత్త. సొంతూరు క్యోనిగ్స్‌బర్గ్ అంటే 'రాజుగారి కొండ'. ఊరి పేరును లాటిన్‌లోకి మార్చి లోకం ఆయన్ను 'రెజియోమోంటానస్' అంది. త్రికోణమితిని ఖగోళం నుంచి విడదీసి ఓ ప్రత్యేక శాస్త్రంగా రాసిన పుస్తకం ఆయనదే. చంద్రుడి మీద ఓ బిలానికి ఆయన పేరుంది.

నాలుగు శతాబ్దాల తర్వాత మరో యోహానెస్ ముల్లర్ (1801-1858) బెర్లిన్‌లో శరీరధర్మ శాస్త్రానికి పెద్ద దిక్కయ్యారు. కణ సిద్ధాంతం చెప్పిన ష్వాన్, రోగాలను కణాల స్థాయిలో చూడటం నేర్పిన విర్షో, భౌతిక శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్.. వీళ్లంతా ఆయన శిష్యులే. పిండంలో గర్భసంచిగా మారే నాళాన్ని మెడికల్ విద్యార్థులు 'ముల్లేరియన్ డక్ట్' అంటారు కదా, అది ఈయన పేరే. జంతుశాస్త్రంలో 'ముల్లేరియన్ మిమిక్రీ' అని చదివేది మాత్రం వేరే ముల్లర్‌ది. బ్రెజిల్ వెళ్లి స్థిరపడిన ఫ్రిట్జ్ ముల్లర్ అక్కడి సీతాకోకచిలుకలను గమనించి చెప్పిన సూత్రం అది. పరీక్షల్లో ఈ ఇద్దరినీ కలిపేయకండి.

రోస్టాక్‌లో పుట్టి ఆస్ట్రేలియా చేరిన ఫెర్డినాండ్ ఫాన్ ముల్లర్ మెల్‌బోర్న్ బొటానికల్ గార్డెన్‌కు మొదటి డైరెక్టర్. మన రైతులు జామాయిల్ అనే యూకలిప్టస్ జాతుల మీద పెద్ద గ్రంథం రాశారు. వేరే దేశాల్లోనూ ఆ చెట్లు పెంచమని ప్రోత్సహించారు.

రేడియేషన్ కొలిచే గైగర్ కౌంటర్ అసలు పేరు గైగర్-ముల్లర్ కౌంటర్. 1928లో హన్స్ గైగర్ దగ్గర పరిశోధన చేసిన వాల్థర్ ముల్లర్ దాన్ని తయారుచేయడంలో భాగస్వామి. వాడుకలో గురువు పేరు మిగిలింది, శిష్యుడి పేరు జారిపోయింది.

బెర్లిన్‌లో పుట్టిన ఎర్విన్ ముల్లర్ అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో పనిచేశారు. 1955లో తాను కనిపెట్టిన ఫీల్డ్ అయాన్ మైక్రోస్కోప్‌తో విడివిడి పరమాణువులను మొదటిసారి చూసింది ఆయన బృందమే. ఆ ప్రయోగంలో ఆయనతో ఉన్న విద్యార్థి భారతీయుడైన కన్వర్ బహదూర్.

నోబెల్ లిస్టులోనూ ముల్లర్లు తక్కువేం కాదు. జర్మన్ మూలాలున్న అమెరికన్ హెర్మన్ జోసెఫ్ ములర్, ఎక్స్‌రేల వల్ల జన్యువుల్లో మార్పులు వస్తాయని నిరూపించి 1946లో నోబెల్ అందుకున్నారు. స్విట్జర్లాండ్‌కు చెందిన కార్ల్ అలెక్స్ ముల్లర్ 1986లో సహచరుడు బెడ్నార్జ్‌తో కలిసి కొత్త రకం సూపర్ కండక్టర్లను కనిపెడితే, ఏడాది తిరగకుండానే 1987 నోబెల్ వచ్చేసింది.

వీళ్లందరిలో మన ఇళ్ల దాకా వచ్చినవాడు స్విస్ రసాయన శాస్త్రవేత్త పౌల్ హెర్మన్ ముల్లర్. 1939లో డీడీటీకి పురుగులను చంపే గుణం ఉందని కనిపెట్టారు. ఆయన డాక్టర్ కాదు, రంగుల కంపెనీలో కెమిస్టు. అయినా 1948లో వైద్యశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఇండియాలో ఏటా 7.5 కోట్ల మందికి మలేరియా సోకేదని, 8 లక్షల మంది చనిపోయేవారని అంచనా. 1953లో మొదలైన జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం ఇళ్ల గోడల మీద డీడీటీ కొట్టించింది. 1960ల నాటికి కేసులు లక్ష దగ్గరకు దిగాయి. ఆ తర్వాత దోమలు మందుకు అలవాటు పడ్డాయి, మలేరియా మళ్లీ లేచింది. పక్షుల మీద, ఆహారం మీద డీడీటీ ప్రభావం గురించి 1962లో రేచల్ కార్సన్ పుస్తకం ప్రపంచాన్ని కుదిపేసింది. 2001 స్టాక్‌హోమ్ ఒప్పందంతో వ్యవసాయంలో దాని వాడకానికి తెర పడింది. రోగాలు మోసే దోమలు, ఈగల నియంత్రణకు మాత్రమే మినహాయింపు మిగిలింది. లక్షల ప్రాణాలు కాపాడిందీ అదే, నేలను విషం చేసిందీ అదే.

ఒకే పేరు.. రెండు వైపులా

జర్మన్ రాజకీయ చరిత్రలో ఈ పేరు బరువైన చోట్ల కనిపిస్తుంది. సోషల్ డెమొక్రాట్ నేత హెర్మన్ ముల్లర్ విదేశాంగ మంత్రిగా 1919 జూన్ 28న వెర్సాయ్ ఒప్పందం మీద జర్మనీ తరఫున సంతకం చేసిన ఇద్దరిలో ఒకరు. ఓడిన దేశం తరఫున ఆ సంతకం పెట్టడానికి ఎవరూ ముందుకు రాని రోజులవి. 1920లో కొన్ని నెలలు, మళ్లీ 1928 నుంచి 1930 వరకు ఛాన్సలర్‌గా ఉన్నారు. నిరుద్యోగ బీమా చందా ఎంత ఉండాలన్న గొడవలో కూటమి విడిపోయి 1930 మార్చిలో దిగిపోయారు. పార్లమెంటు మెజారిటీతో నడిచిన చివరి వైమార్ ప్రభుత్వం అదే. ఆ తర్వాత మూడేళ్లకే హిట్లర్ వచ్చాడు.

నాజీ రహస్య పోలీసు విభాగం గెస్టాపోకు 1939 నుంచి అధిపతి హైన్రిష్ ముల్లర్. యూదుల సామూహిక హత్యాకాండను సమన్వయం చేసుకోవడానికి 1942 జనవరి 20న వాన్సీలో జరిగిన సమావేశంలో ఇతనూ ఉన్నాడు. అదే పేరుతో ఇంకో ఎస్ఎస్ అధికారి ఉండటంతో ఇతన్ని 'గెస్టాపో ముల్లర్' అని పిలిచేవారు. 1945 మే మొదట్లో బెర్లిన్‌లో హిట్లర్ బంకర్ దగ్గర కనిపించిందే చివరిసారి. ఆ తర్వాత దశాబ్దాల పాటు గాలింపు సాగింది. అంత మామూలు పేరు కావడంతో, ఎక్కడో ఓ హైన్రిష్ ముల్లర్ దొరికినప్పుడల్లా అతను వేరే మనిషని తేలేది.

అదే 1942లో ఏప్రిల్‌లో స్లొవేకియా నుంచి ఆష్విట్జ్‌కు తరలించిన యూదుల్లో ఇరవై ఏళ్ల యువకుడు ఫిలిప్ ముల్లర్ ఉన్నాడు. గ్యాస్ ఛాంబర్ల నుంచి శవాలను తీసే పని బలవంతంగా చేయించిన ఖైదీల దళంలో పడేశారు. ఆ దళంలో బతికి బయటపడ్డవాళ్లు చాలా తక్కువ మంది. ఆయన బతికాడు, కోర్టులో సాక్ష్యం చెప్పాడు, 1979లో పుస్తకం రాశాడు. 1985లో వచ్చిన 'షోవా' డాక్యుమెంటరీలో కెమెరా ముందు ఆ రోజుల గురించి చెబుతూ మాట ఆగిపోయి ఏడ్చాడు. చంపమన్న వ్యవస్థను నడిపినవాడి ఇంటిపేరు ముల్లర్, దాన్ని లోకానికి చెప్పినవాడి ఇంటిపేరూ ముల్లరే.

సాహిత్యంలో హెర్టా

2009లో సాహిత్య నోబెల్ అందుకున్న హెర్టా ముల్లర్ 1953లో పుట్టింది జర్మనీలో కాదు, రుమేనియాలోని బనాట్ ప్రాంతంలో. 18వ శతాబ్దంలో అక్కడికి వలస వెళ్లి స్థిరపడ్డ జర్మన్ కుటుంబాలు చాలా ఉన్నాయి. యుద్ధం తర్వాత ఆమె తల్లిని సోవియట్ లేబర్ క్యాంపుకు పంపేశారు. అయిదేళ్లు అక్కడే ఉండాల్సి వచ్చింది. హెర్టా ఒక ఫ్యాక్టరీలో అనువాదకురాలిగా పనిచేస్తూ రహస్య పోలీసులకు ఇన్‌ఫార్మర్‌గా ఉండనని తేల్చి చెప్పారు. ఉద్యోగం పోయింది, వేధింపులు మొదలయ్యాయి. 1987లో పశ్చిమ జర్మనీకి వచ్చేశారు. నియంత పాలనలో మామూలు మనుషులు భయంతో ఎలా బతుకుతారన్నదే ఆమె రచనల్లో ప్రధాన వస్తువు. తూర్పు జర్మనీ నాటక రచయిత హైనర్ ముల్లర్‌ది ఇంకో కథ. 1961లో ఒక నాటకం నచ్చక ఆయన్ను రచయితల సంఘం నుంచి తీసేశారు. తర్వాత ఆ దేశంలోనే అందరికంటే పేరున్న నాటక రచయితల్లో ఒకరయ్యారు.

గోల్ కొట్టేది ముల్లరే

ఫుట్‌బాల్ ఫ్యాన్స్‌కు ఇక చెప్పక్కర్లేదు. గెర్డ్ ముల్లర్ పశ్చిమ జర్మనీ తరఫున 62 మ్యాచ్‌ల్లో 68 గోల్స్ కొట్టారు. మ్యాచ్‌కు ఒకటి కంటే ఎక్కువే. జర్మన్ లీగ్ బుండెస్‌లిగాలో 365 గోల్స్.. ఈ రికార్డు ఇంకా చెక్కుచెదరలేదు. 1970 వరల్డ్ కప్‌లో 10 గోల్స్, 1974 ఫైనల్లో నెదర్లాండ్స్ మీద 2-1 విజయంలో విన్నింగ్ గోల్ ఆయనదే. 1972లో ఏడాదిలో కొట్టిన 85 గోల్స్ రికార్డును 40 ఏళ్ల తర్వాత మెస్సీ దాటాడు. ఆట మానేశాక మద్యానికి బానిసై, పాత సహచరుల సాయంతో కోలుకుని బయర్న్ మ్యూనిక్‌లోనే కుర్రాళ్లకు కోచింగ్ ఇచ్చారు. 2021 ఆగస్టు 15న చనిపోయారు.

ఆయన కోచింగ్ సిబ్బందిలో ఉన్న బయర్న్ రెండో జట్టులోనే ఆడి పైకి వచ్చినవాడు థామస్ ముల్లర్. ఇద్దరికీ చుట్టరికం లేదు. 2010 వరల్డ్ కప్‌లో 5 గోల్స్‌తో గోల్డెన్ బూట్, 2014లో వరల్డ్ కప్ విజేత. బ్రెజిల్‌ను 7-1తో చిత్తు చేసిన ఆ సెమీఫైనల్లో మొదటి గోల్ ఇతనిదే. 2025లో బయర్న్‌ను వదిలే నాటికి ఆ క్లబ్ తరఫున అందరికంటే ఎక్కువ మ్యాచ్‌లు ఆడిన ఆటగాడు.

పెళ్లయితే ఎవరి పేరు?

జర్మనీలో ఇంటిపేరు ఇప్పటికీ చట్టం పరిధిలోని విషయమే. 1876 నుంచి దేశమంతటా ప్రభుత్వ రిజిస్టర్లు వచ్చాయి. అప్పటి నుంచి స్పెల్లింగ్ ఇష్టమొచ్చినట్టు మార్చుకోవడం కుదరదు. చాలాకాలం పెళ్లయితే భార్య భర్త ఇంటిపేరే పెట్టుకోవాలి. భార్య పేరును ఉమ్మడి పేరుగా ఎంచుకునే వీలు 1976 సంస్కరణతో వచ్చింది. ఇద్దరూ తేల్చుకోకపోతే భర్త పేరే ఖాయమన్న రూల్‌ను 1991లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. 2025 మే 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంతో దంపతులిద్దరూ రెండు ఇంటిపేర్లు కలిపి పెట్టుకోవచ్చు, పిల్లలకూ ఇవ్వచ్చు. ముల్లర్ లాంటి మామూలు పేరున్నవాళ్లకు ఇది పనికొచ్చే మార్పు. పక్కన ఇంకో పేరు చేరితే పోస్ట్ తప్పు ఇంటికి పోదు మరి! నూట యాభై ఏళ్ల కిందట మాక్స్ ముల్లర్ చేసుకున్నదీ దాదాపు ఇదే.

వంశవృక్షం వెతుక్కునే ముల్లర్లకు అక్కడి నిపుణులు ఇచ్చే సలహా ఒక్కటే.. ఇంటిపేరు పట్టుకుని వెతికితే దారి తప్పుతారు, ముందు తాతల ఊరు కనుక్కోండి, ఆ ఊరి చర్చి రికార్డులు చూడండి అని. ఎందుకంటే ఈ పేరు చెప్పేది ఎప్పుడో ఎనిమిది వందల ఏళ్ల కిందట ఓ ముత్తాత ఏటి ఒడ్డున పిండిమర నడిపాడని మాత్రమే. ఆ తర్వాత వచ్చిన ముల్లర్లు ఏం చేశారన్నది ఎవరి లెక్క వాళ్లదే.